లేసు అక్క ప్రయాణం

కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు. అందుకే అక్క ఆ రోజు కదలలేదు. ముక్కనుమ కూడా ఇంట్లోనే గడిపింది. ఆ మర్నాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఇది 2026 జనవరి మాట.

ఈ పాఠంలో అక్కకి పేరు పెట్టలేదు. మీకు నచ్చిన పేరు ఇక్కడ రాసుకోండి: ...................... మీ పేరు రాసుకున్నా సరే.

అక్కది నరసాపురం పక్కన ఒక పల్లె. అక్క లేసు అల్లుతుంది. పదేళ్ళ వయసులో అమ్మ దగ్గర నేర్చుకుంది. చేతిలో లేసు సూది, ఒళ్ళో దారం ఉండ. సూది కొసన చిన్న కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెంతో దారం లాగుతూ, ముడి వేస్తూ పువ్వులు అల్లుతుంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో వేలమంది ఆడవాళ్ళు ఈ పని చేస్తారు. ఈ పని 1844లో వచ్చిన మెక్రే దొర, ఆయన భార్య నేర్పారని చెప్పుకుంటారు. మన లేసు ఇతర దేశాలకి వెళుతుంది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరుతో వేరే ఊరి సరుకు అమ్మకూడదు.

పోయిన ఏడాది అక్క రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కోకుండా చదువుతుంది. కూతురికి రెండు రోజులు సెలవు కావాలని బడికి చీటీ రాసింది. అక్కే స్వయంగా రాసింది. నాలుగు కాగితాలు చించి, అయిదో కాగితం మీద రాసింది.

ప్రయాణం ముందు రోజు ఏజెంటు వచ్చాడు.

"చెల్లెమ్మా, పెద్ద ఆర్డరు వచ్చింది. మంచం దుప్పటి. మొత్తం 300 పువ్వులు. దారం నాదే. దుప్పటికి 2,400 రూపాయలు ఇస్తాను. ఏమంటావు?"

రెండు వేల నాలుగు వందలు! ఒక్కసారి చూస్తే పెద్ద మొత్తమే. అక్క నోటి దాకా "సరే" వచ్చింది. అయినా అనలేదు.

"ఊరెళ్ళి వస్తాను అన్నయ్యా. మూడు రోజుల్లో చెప్తాను" అంది.

గూడెంలో

అక్క భర్త రొయ్యల చెరువు దగ్గర కాపలా. ఆయనకి సెలవు దొరకలేదు. తల్లీ కూతుళ్ళు భీమవరం వెళ్ళి, అక్కడ తాడేపల్లిగూడెం బస్సెక్కారు. అక్క ఆధార్ కార్డు చూపించింది. కండక్టరు టికెట్టు ఇచ్చాడు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. అక్క టికెట్టు మీద అంకెలు చదివింది. సున్నా, చుక్క, సున్నా, సున్నా. టికెట్టు ఉంది, డబ్బు లేదు! దాన్ని మడిచి సంచిలో దాచుకుంది.

గూడెంలో చెల్లెలు ఉంది. చెల్లెలు ఉల్లిపాయల మార్కెట్లో పని చేస్తుంది. గూడెం మార్కెట్ పెద్దది. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. ఉల్లిపాయలు గుట్టలుగా పోస్తారు. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, కుళ్ళినవి ఇంకో పక్క ఏరాలి. చెల్లెలి ఇంట్లో సాయంత్రం ఉల్లి పకోడీలు వేశారు. "మార్కెట్లో ఏడిపిస్తాయి, ఇంట్లో నవ్విస్తాయి" అంది చెల్లెలు.

అక్క సంక్రాంతి అరిసెలు, జంతికలు తెచ్చింది. చెల్లెలు పూతరేకుల పెట్టె కొని పెట్టింది. అక్క పెట్టె తిప్పి చూసింది. ఆత్రేయపురం పూతరేకులు. బరువు రాసి ఉంది. తయారుచేసిన తేదీ ఉంది. ధర ఉంది.

ఆత్రేయపురం గోదావరికి అవతల, కోనసీమలో ఉంది. పూతరేకులకీ 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని ఎలా చేస్తారో తెలుసా? కుండ బోర్లించి కింద మంట పెడతారు. బియ్యం పిండిని పల్చగా కలుపుతారు. పల్చని గుడ్డని అందులో ముంచుతారు. కాలుతున్న కుండ మీద ఆ గుడ్డని పరిచి, వెంటనే తీస్తారు. కుండ మీద కాగితం లాంటి రేకు నిలుస్తుంది. దాన్ని చెయ్యి కాలకుండా, రేకు చిరగకుండా తియ్యాలి. తర్వాత నెయ్యి రాసి, పంచదార గాని బెల్లం పొడి గాని చల్లి మడతలు పెడతారు. ఈ పని చేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. రోజంతా మంట దగ్గర కూర్చోవాలి.

అక్క పెట్టె నాలుగు వైపులా చదివింది. కుండ దగ్గర కూర్చున్న ఆవిడ కూలి ఎంతో ఎక్కడా రాసి లేదు.

చెల్లెలు అక్కని ఫ్యాన్సీ షాపుకి తీసుకెళ్ళింది. అక్కడ లేసు చుట్టలు వేలాడుతున్నాయి.

"మీటరు ఎంతండీ?"

"పదిహేనండి."

పదిహేను! అక్క గుండె జారింది. అంత చవకగా దొరుకుతుంటే తన లేసు ఎవరు కొంటారు? లేసుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలితో తడిమింది. కత్తిరించిన చోట దారాలు విడిపోతున్నాయి. తన లేసు అల్లిక ఇలా ఉండదు. కొక్కెం సూదితో అల్లిన లేసులో ప్రతి కుట్టూ ముందు కుట్టులోంచి వస్తుంది. చివర గట్టిగా ముడి వేస్తే అంతా నిలుస్తుంది.

"ఇది మెషీను లేసు కదండీ?" అని అడిగింది.

"అవునండి. చేతి లేసు మేము పెట్టలేమండి. చాలా ఖరీదు" అన్నాడు షాపాయన.

సరిగ్గా కొక్కెం సూదితో అల్లినట్టు అల్లే యంత్రం ఇంతవరకూ లేదు. మెషీను లేసు చూడ్డానికి అలా ఉంటుంది, అంతే. ఈ సంగతి అక్కకి ఎవరూ చెప్పలేదు. కాని షాపాయన మాట మాత్రం దారంతా గుర్తొస్తూనే ఉంది. చేతి లేసు చాలా ఖరీదట! ఆ ఖరీదు ఎవరికి వెళుతోంది?

రైల్లో

మర్నాడు గూడెంలో రైలెక్కారు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. సంచిలోంచి సూది, దారం తీసింది. లేసు అల్లేవాళ్ళ చేతులు ఊరికే ఉండవు కదా.

"అమ్మా, ఒక పువ్వుకి ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది కూతురు.

అక్కకి తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా అల్లుతోంది. ఎప్పుడూ చూసుకోలేదు. పొయ్యి మీద కూర పెట్టి నాలుగు కుట్లు, పాలు కాగేలోపు నాలుగు కుట్లు, టీవీ చూస్తూ నాలుగు కుట్లు. అలా అల్లే పనికి గడియారం ఎవరు చూస్తారు?

కూతురు ఫోన్లో టైము చూసింది. అక్క మొదలుపెట్టింది. చేబ్రోలు దాటింది. పూళ్ళ దాటింది. స్టేషన్ల పేర్లు పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఉన్నాయి. అక్క తల ఎత్తి ఒక పేరు చదవడం, తల దించి అల్లడం. అలా చదవడానికి ఆగిన టైము తీసేసి, మొదటి పువ్వుకి 38 నిమిషాలు అని కూతురు లెక్క తేల్చింది. రెండో పువ్వు రైల్లో పూర్తి కాలేదు. ఏలూరు స్టేషన్లో బల్ల మీద కూర్చుని పూర్తి చేసింది. దానికి 42 నిమిషాలు.

రెండూ కలిపితే 80. అందులో సగం 40. అంటే పువ్వుకి 40 నిమిషాలు.

స్టేషన్‌కి వచ్చిన ఆడపడుచు నవ్వింది. "ఏంటి వదినా, రైలు దిగాక కూడా అల్లికేనా? ఇంటికి రావా?"

ఏలూరులో

ఏలూరు అంటే తివాచీలు. చాలాకాలం కిందట పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్ళు ఇక్కడ స్థిరపడి ఈ పని మొదలుపెట్టారని చెబుతారు. 1851లో లండన్ నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది. ఆ ప్రదర్శనలో ఏలూరు తివాచీలు కూడా ఉన్నాయి. తర్వాత యంత్రాల తివాచీలు వచ్చాయి. నేసేవాళ్ళు తగ్గిపోయారు. అయినా పని పూర్తిగా పోలేదు.

ఆడపడుచు వాళ్ళని తంగెళ్ళమూడి తీసుకెళ్ళింది. ఒక ఇంట్లో మగ్గం ఉంది. గోడకి ఆనించిన నిచ్చెనలా నిలువుగా ఉంది. పై నుంచి కిందికి నూలు పోగులు. ఒక పెద్దావిడ ముందు కూర్చుని ఉంది. రంగు ఉన్ని తీసి, రెండు పోగుల చుట్టూ తిప్పి, ముడి లాగి, కత్తితో తెంపుతోంది. మళ్ళీ ముడి. మళ్ళీ కత్తి. ఒక వరస అయ్యాక ఇనప పళ్ళున్న పనిముట్టుతో కిందికి కొట్టింది. ముళ్ళన్నీ దగ్గరగా చేరాయి.

మగ్గానికి గళ్ళ కాగితం కట్టి ఉంది. ఒక గడి ఒక ముడి. ఎర్ర గడికి ఎర్ర ముడి, నీలం గడికి నీలం ముడి. అక్కకి వెంటనే అర్థమైంది. లేసు డిజైను కూడా ఇలాగే గళ్ళు లెక్కపెట్టి అల్లుతారు.

"ఎన్ని ముళ్ళు పడతాయి పెద్దమ్మా?"

పెద్దమ్మ లెక్క చెప్పింది. ఆ లెక్క మనమూ చేద్దాం. ఒక అంగుళంలో అడ్డంగా 6, నిలువుగా 6 ముళ్ళు ఉన్నాయనుకుందాం. 6 ఆరులు 36. అడుగుకి 12 అంగుళాలు. కాబట్టి చదరపు అడుగుకి 12 పన్నెండులు 144 అంగుళాల గళ్ళు. 144ని 36తో హెచ్చవేస్తే 5,184. ఒక చదరపు అడుగు తివాచీలో అయిదు వేల పైన ముళ్ళు! చాప అంత తివాచీలో ఎన్ని ఉంటాయో ఊహించండి.

"మరి కూలి ఎలా ఇస్తారు?"

"అడుగు లెక్కన ఇస్తారు తల్లీ. ఒక అడుగుకి ఎంతసేపు పడుతుందో మాకు తెలుసు. అది తెలియకపోతే బేరం ఎలా ఆడతాం?"

అప్పుడు ఆడపడుచు ఒక మాట అంది. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. "మీది కష్టమైన పని పెద్దమ్మా. మా వదినదైతే ఇంట్లో కూర్చుని చేసుకునే పని."

పెద్దావిడ చెయ్యి ఆపలేదు. "నేను కూడా ఇంట్లో కూర్చునే నేస్తున్నా కదమ్మా" అంది.

ఆ రాత్రి అక్క నోటు పుస్తకం తీసింది.

ఒక పువ్వుకి 40 నిమిషాలు. 3 పువ్వులకి 120 నిమిషాలు, అంటే 2 గంటలు. 8 గంటలకి 12 పువ్వులు. దుప్పటికి 300 పువ్వులు. 300ని 12తో భాగిస్తే 25. అంటే రోజుకి 8 గంటలు కదలకుండా అల్లితే 25 రోజుల పని.

2,400ని 25తో భాగించింది. 96 వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ 96 వచ్చింది.

రోజుకి 96 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు.

అక్క చాలాసేపు ఆ రెండు అంకెల వంక చూసింది.

కొల్లేరు దారిలో

మూడో రోజు కైకలూరు బస్సెక్కారు. ఆ దారి కొల్లేరు మీదుగా వెళుతుంది. అటూ ఇటూ నీళ్ళు, చేపల చెరువుల గట్లు, మధ్య మధ్య జమ్ము. బుడమేరు, తమ్మిలేరు కొల్లేరులో కలుస్తాయి. నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో కొల్లేరుని పక్షుల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2006లో ప్రభుత్వం చాలా చేపల చెరువుల గట్లు కొట్టించింది. ఆ గొడవ ఇంకా అందరికీ గుర్తుంది. చేపలు పట్టి బతికే చిన్నవాళ్ళకి ఏది మేలు, ఏది కీడు అన్నది పెద్ద విషయం. దానికి వేరే పాఠం కావాలి.

కైకలూరు పక్కనే ఆటపాక. అక్కడ గూడబాతులు దిగుతాయి. పెద్ద ముక్కు, ముక్కు కింద సంచి. ఆ సంచిని వలలా వాడి చేపలు పడతాయి. చెట్లు చాలక ఇనప స్టాండ్లు పెడితే వాటి మీద కూడా గూళ్ళు కట్టుకున్నాయి. కూతురు పుల్లలు మోసుకొస్తున్న పక్షిని చూపించింది. "చూడమ్మా, అది కూడా నీలాగే అల్లుతోంది."

గట్టు మీద ఒకాయన వెదురు పుల్లలతో మావు కడుతున్నాడు. మావు అంటే చేపలు పట్టే బుట్ట. లోపలికి వెళ్ళే దారి ఉంటుంది, బయటికి వచ్చే దారి ఉండదు. పుల్లల మధ్య సందులున్నాయి. పిల్ల చేపలు ఆ సందుల్లోంచి జారిపోతాయి.

"ఎంత బాబాయ్?" అడిగింది అక్క.

"రెండు రోజుల పని అమ్మా. రెండు రోజుల కూలీ, వెదురు ఖర్చూ ఇస్తే చాలు."

ఆయన ఆలోచించలేదు. అడగ్గానే రోజుల్లో చెప్పాడు. అక్క మావు కొనలేదు. ఆ మాట మాత్రం నోటు పుస్తకంలో రాసుకుంది.

కైకలూరులో ఒక పూట కూళ్ళ ఇంట్లో కొరమేను పులుసుతో భోజనం చేశారు. మామిడికాయ లేదు, చింతపండు పులుసే. కూతురు రెండోసారి అన్నం పెట్టించుకుంది. బయట కాల్చిన తేగలు కొనుక్కున్నారు. పక్కనే ఒకావిడ తుంగ చాపలు పెట్టుకుని కూర్చుంది.

"చాప ఎంత?"

"350 అమ్మా."

"200కి ఇస్తావా?" అంది అక్క. అలవాటుగా వచ్చేసింది. (మనమూ అంతే కదా. ఎంత చెప్పినా సగం నుంచే మొదలుపెడతాం.)

ఆవిడ ఏమీ అనలేదు. చాప మడతపెట్టబోయింది. అక్కకి సిగ్గు వేసింది.

"ఎన్నాళ్ళు పట్టింది నేయడానికి?"

"నేయడం ఒక రోజే అమ్మా. ముందు నీళ్ళలో దిగి తుంగ కోయాలి. చీల్చాలి. ఎండబెట్టాలి. ఆ లెక్క ఎవరు చూస్తారు?"

అక్క 350 ఇచ్చింది. కూతురు వింతగా చూసింది. అక్క చాప చుట్ట చంకలో పెట్టుకుని రైలెక్కింది. ఆకివీడు, భీమవరం మీదుగా రాత్రికి ఇల్లు చేరారు.

మళ్ళీ ఏజెంటు

1982లో మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద ఒక పుస్తకం రాసింది. ఆవిడ ఈ ఊళ్ళలో తిరిగి, ఆడవాళ్ళతో మాట్లాడి రాసింది. లేసు అల్లేవాళ్ళని అందరూ "ఇంట్లో ఉండే ఆడవాళ్ళు" అంటారు గాని "పనివాళ్ళు" అనరు. ఖాళీ టైములో చేసే పని అంటారు. అందుకే అంత తక్కువ కూలి ఇచ్చినా ఎవరికీ తప్పు అనిపించదు. ఆ పుస్తకంలో ముఖ్యమైన మాట ఇదే. అది ఇంగ్లీషు పుస్తకం. అక్క చదవలేదు. అయినా నోటు పుస్తకంలో అక్క వేసిన లెక్క అదే చెబుతోంది.

ఏజెంటు రాకముందే అక్క వీధిలో ఏడుగురిని పిలిచింది. కొత్త చాప పరిచింది. పూతరేకులు పెట్టింది. అందరినీ ఒక్కో పువ్వు అల్లమంది. గోడ గడియారం చూస్తూ టైము రాసింది. కొందరికి 35 నిమిషాలు, కొందరికి 50. ఒక ముసలమ్మకి గంట పట్టింది. ఆవిడ పువ్వే అందరి కన్నా బాగుంది.

ఏజెంటు వచ్చాడు. "ఏం చెల్లెమ్మా, సరేనా?"

"పువ్వుకి 25 ఇవ్వండి అన్నయ్యా."

ఆయన నవ్వాడు. తర్వాత అక్క ముఖం చూసి నవ్వు ఆపాడు. అక్క నోటు పుస్తకం చూపించింది. 40 నిమిషాలు. 12 పువ్వులు. 96 రూపాయలు. ఆయన వేలు పెట్టి ఒక్కో అంకె చూశాడు.

"లెక్క తప్పు కాదు. కాని నాకే షావుకారు ఇచ్చేది తక్కువ. మీరు కాకపోతే పక్క ఊళ్ళో అల్లేవాళ్ళు బోలెడుమంది" అన్నాడు. దారం తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఎవరూ రాలేదు. ఏడుగురిలో ఇద్దరు అక్క మీద విసుక్కున్నారు. ఒకామెకి మందుల ఖర్చు ఉంది. "ఉన్నది కూడా పోగొట్టావు" అంది. అక్క దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

నాలుగో రోజు ఏజెంటు వచ్చాడు. "పువ్వుకి 12. అంతకు మించి నా వల్ల కాదు" అన్నాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. దారం తీసుకున్నారు.

300 పువ్వులకి 3,600. మొదట చెప్పినదాని కన్నా 1,200 ఎక్కువ. అక్క నోటు పుస్తకంలో రాసింది: "రోజుకి 144. ఇంకా 163 రావాలి."

తర్వాత పేజీ మీద ఏజెంటు పేరు, తేదీ, ఇచ్చిన దారం ఉండలు ఎన్నో రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది.

రాయండి

1. అక్క ఏ ఏ ఊళ్ళు వెళ్ళింది? ఏ ఊళ్ళో ఏం తిన్నది?
2. పూతరేకు, తివాచీ, మావు, చాప. వీటిలో మీరు చూసినవి ఏవి? మీ ఊళ్ళో చేత్తో చేసే వస్తువు ఏది?
3. అక్క చాప బేరం ఎందుకు ఆపింది?
4. ముసలమ్మకి ఒక పువ్వుకి గంట పట్టింది. పువ్వుకి 12 రూపాయలు. ఆవిడ 8 గంటలు అల్లితే ఎంత వస్తుంది?
5. మీరు చేత్తో చేసే పని ఒకటి రాయండి: లేసు, కుట్టు, బుట్ట, విస్తరి, అప్పడం, ఏదైనా. ఒకటి చేయడానికి ఎన్ని నిమిషాలు? రేపు గడియారం చూసి రాయండి.

పని: ...................... నిమిషాలు: .......... వచ్చే డబ్బు: ..........